పెద్ద టీవీ కొనాలంటే ఎలా చూస్కోవాలి, ఇంటికొచ్చాక ఎలా చెక్ చేస్కోవాలి

"55 సరిపోద్దా 65కి వెళ్లాలా", "ఓలెడ్ మంచిదా క్యూలెడ్ మంచిదా", "షోరూమ్‌లో అదిరిపోయింది, ఇంట్లో పెట్టాక ఏంటి ఇలా ఉంది". ఈ మూడు ప్రశ్నలు నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు, ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే బదులు అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నా. "ఫలానా మోడల్ కొనేయండి" అని ఇందులో ఉండదు, మోడళ్లు ఏడాదికోసారి మారిపోతాయి. నా లెక్కలో టీవీ సెలెక్షన్ ముప్పాతిక వంతు మీ హాల్లోనే అయిపోవాలి, షాపుకి వెళ్లేది చివరిగా ఒకసారి కళ్లతో చూసి ఓకే చేస్కోడానికే.

కావాల్సినవి: కొలిచే టేపు, పాత న్యూస్‌పేపర్లు, గోడకి అంటించే ప్లాస్టర్, ఒక పెన్‌డ్రైవ్, ఇంకా టీవీకి తగిలించే వస్తువులన్నిటి లిస్టు (సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్, సౌండ్‌బార్, ల్యాప్‌టాప్ ఏదైనా సరే). లిస్టు మర్చిపోవద్దు, 5వ స్టెప్పులో దాంతోనే పని.

1. దూరం కొలవండి

మీరు కూర్చున్నప్పుడు కళ్లు ఉండే చోటి నుంచి టీవీ ఉండబోయే చోటు వరకు కొలవండి, సోఫా ముందు అంచు నుంచి కాదు. అంగుళాల్లో రాస్కోండి. దాన్ని 1.6తో భాగిస్తే మామూలుగా హాయిగా చూడ్డానికి సరిపోయే సైజు, 1.2తో భాగిస్తే థియేటర్ ఫీలింగ్ ఇచ్చే సైజు వస్తుంది. ఉదాహరణకి 9 అడుగులు అంటే 108 అంగుళాలు, 1.6తో భాగిస్తే 67, 1.2తో భాగిస్తే 90. అంటే 65 మొదలుకొని 85 వరకు ఏదైనా ఓకే. 7 అడుగులే ఉంటే 52 నుంచి 70 మధ్య, అంటే 55 గానీ 65 గానీ.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏంటంటే "మరీ పెద్దదైపోతుందేమో" అని భయపడి ఒక సైజు తగ్గించడం, నెల తిరగకముందే "అయ్యో పెద్దది తీస్కోవాల్సింది" అనుకోవడం. నాకు తెలిసి చిన్నది కొన్నందుకు బాధపడినవాళ్లే ఎక్కువ. 55కి 65కి తేడా 10 అంగుళాలే కదా అనిపిస్తుంది గానీ, అది మూల నుంచి మూలకి కొలత, వైశాల్యంలో చూస్తే దాదాపు 40 శాతం ఎక్కువ.

కానీ ఒక హెచ్చరిక. మీ ఇంట్లో ఎక్కువగా చూసేది పాత ఎస్‌డీ చానళ్లే అయితే పెద్ద సైజు జోలికి పోయేముందు ఆలోచించండి. ఎస్‌డీ బొమ్మలో ఉండేది 720×576, అంటే 4 లక్షల పైచిలుకు పిక్సెల్స్. 4కే ప్యానెల్‌లో, అంటే 3840×2160 చుక్కల తెరలో, సుమారు 83 లక్షలు. ఒక చుక్కని ఇరవై చుక్కలుగా సాగదీయాలన్నమాట, ఎంత మంచి ప్రాసెసర్ ఉన్నా లేని డీటెయిల్‌ని ఎక్కడ్నించి తెస్తుంది. అలాంటివాళ్లు 1.6 లెక్కకే ఆగిపోండి, లేదా హెచ్‌డీ చానళ్లకి మారండి.

2. గోడ మీద పేపర్ టీవీ పెట్టి చూడండి

న్యూస్‌పేపర్లు అతికించి అసలు సైజులో గోడకి పెట్టండి, రెండు రోజులు అలాగే ఉంచండి. నవ్వుకుంటారు ఇంట్లోవాళ్లు, పర్లేదు. స్క్రీన్ కొలతలు సుమారుగా ఇలా ఉంటాయి, ఫ్రేమ్‌కి ఇంకో ఒకటి రెండు సెంటీమీటర్లు కలుపుకోండి:

- 55 అంగుళాలు: వెడల్పు 122 సెం.మీ., ఎత్తు 68
- 65 అంగుళాలు: వెడల్పు 144, ఎత్తు 81
- 75 అంగుళాలు: వెడల్పు 166, ఎత్తు 93
- 85 అంగుళాలు: వెడల్పు 188, ఎత్తు 106

ఎత్తు విషయానికొస్తే, కూర్చున్నప్పుడు మీ కళ్లు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి, మామూలుగా 100 నుంచి 110 సెం.మీ. ఉంటుంది, స్క్రీన్ మధ్యభాగం ఆ దరిదాపుల్లో రావాలి. 65 అంగుళాలదైతే కింది అంచు నేలకి 65 సెం.మీ. ఎత్తులో ఉంటే సరిపోతుంది. ఇది చూసి "ఇంత కిందకా" అంటారు అందరూ. ఫొటో ఫ్రేములా గోడ పైన బిగించేసి తర్వాత మెడనొప్పి అనడం ఎన్ని ఇళ్లలో చూశానో.

స్టాండ్ మీద పెట్టేవాళ్లు టీవీ వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, కాళ్ల మధ్య దూరం కూడా చూడాలి. నా అనుభవమే చెప్తా, ఒకసారి అన్నీ కొలిచి, అన్నీ చదివి, గర్వంగా ఆర్డర్ పెట్టా, డబ్బా విప్పితే కాళ్లు రెండు చివర్లలో ఉన్నాయి, నా టేబులేమో వాటికంటే ఓ జానెడు చిన్నది. మూడు రోజులు టీవీ గోడకి ఆనించి నేలమీదే ఉంది. కాళ్ల దూరం స్పెక్స్ పేజీలో స్టాండ్ కొలతల దగ్గర ఉంటుంది, కొన్నిటికి కాళ్లని రెండు చోట్ల బిగించుకునే వీలు కూడా ఉంటుంది.

75, 85 కొనేవాళ్లు డబ్బా సైజు కూడా చూడండి. లిఫ్ట్‌లో పడుతుందా, మెట్ల మలుపు తిరుగుతుందా, తలుపులోంచి వస్తుందా.

3. గది వెలుతురు, మీరు చూసేవి, వీటిని బట్టి ప్యానెల్

కొంచెం ఓపిగ్గా చదవాల్సిన భాగం ఇదే, డబ్బులు ఎక్కువ పోయేది గానీ మిగిలేది గానీ ఇక్కడే.

ఓలెడ్‌లో ప్రతి పిక్సెల్ దానంతటదే వెలుగుతుంది, దానంతటదే ఆరిపోతుంది. అందుకే నలుపు అంటే నిజంగా నలుపు, పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. మిగతావన్నీ, అంటే ఎల్‌ఈడీ, క్యూలెడ్, మినీ ఎల్‌ఈడీ అని రాసేవన్నీ, ఎల్‌సీడీ తెరలే, వెనకాల లైట్లు వేసి ముందు తెరతో ఆపుతారు. పేరులో కలుస్తుంది కదా అని క్యూలెడ్‌ని ఓలెడ్‌కి తమ్ముడు అనుకోకండి, సంబంధం లేదు. క్యూలెడ్ అంటే ఎల్‌సీడీకే రంగులు బాగా రావడానికి క్వాంటమ్ డాట్ పొర వేయడం, అంతే.

ఎల్‌సీడీల్లో అసలు తేడా అంతా వెనక లైట్లలో ఉంటుంది. లైట్లు అంచుల్లోనే ఉంటే ఎడ్జ్ లిట్. వెనకంతా ఉండి కూడా అన్నీ ఒకేసారి వెలిగేవి డైరెక్ట్ లిట్. వెనకంతా ఉండి భాగాలు భాగాలుగా విడివిడిగా తగ్గి పెరిగేవి ఫుల్ అరే లోకల్ డిమ్మింగ్. ఆ లైట్లు చాలా చిన్నవిగా, వందలు వేలల్లో ఉంటే మినీ ఎల్‌ఈడీ. లోకల్ డిమ్మింగ్ లేని టీవీలో రాత్రి సీను వస్తే నలుపు కాస్తా బూడిదరంగు అవుతుంది, ఇక దానికి ఏ సెట్టింగూ మందు కాదు.

నేనైతే ఇలా తేలుస్తా:

- పగలంతా కిటికీల వెలుతురు, టీవీ కూడా పగలే ఎక్కువ నడుస్తుంది: మినీ ఎల్‌ఈడీ. వెలుగు ఎక్కువ ఇస్తుంది.
- రాత్రిళ్లు లైట్లు తగ్గించి సినిమాలు, సిరీస్‌లు: ఓలెడ్, రెండో మాట లేదు.
- రోజుకి ఎనిమిది పది గంటలు ఒకే న్యూస్ చానల్, మూల కదలని లోగో, కింద స్క్రోలింగ్: ఓలెడ్ వద్దు. కదలని బొమ్మ అచ్చు పడిపోయే రిస్క్ దానికి ఉంది. మామూలుగా అన్నీ మార్చి మార్చి చూసే ఇంట్లో దీని గురించి అంత భయపడక్కర్లేదు.
- సోఫా ఒకవైపు, కుర్చీలు ఇంకోవైపు, సగం మంది పక్కనుంచి చూస్తారు: ఓలెడ్, లేదా ఐపీఎస్ రకం ఎల్‌సీడీ. వీఏ రకంలో నలుపు బావుంటుంది, కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా) 3000:1 పైనే ఉంటుంది, కానీ పక్కకి జరిగితే రంగు వెలిసినట్టు అవుతుంది. ఐపీఎస్‌లో కాంట్రాస్ట్ సుమారు 1000:1 మాత్రమే, పక్కనుంచి మాత్రం బావుంటుంది.
- బడ్జెట్ తక్కువ: లోకల్ డిమ్మింగ్ లేకపోయినా వీఏ ప్యానెల్ ఉన్న మామూలు 4కే తీస్కోండి, మిగిలిన డబ్బు సౌండ్‌బార్‌కి పెట్టండి.

4. స్పెక్స్‌లో ఏది నమ్మాలి ఏది వదిలేయాలి

రిఫ్రెష్ రేట్ (సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లో) దగ్గర "మోషన్ రేట్ 240" లాంటివి కనిపిస్తే పట్టించుకోకండి, అవి కంపెనీలు సొంతంగా కట్టుకున్న లెక్కలు. మీరు వెతకాల్సిన మాట నేటివ్, అది 60 గానీ 120 గానీ ఆపైన గానీ ఉంటుంది. 120కి ఒక అదనపు లాభం ఉంది, సినిమాలు సెకనుకి 24 ఫ్రేములు కదా, 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5, ప్రతి ఫ్రేమూ సమానంగా కనిపిస్తుంది. 60ని భాగిస్తే 2.5, అందుకే ఒక ఫ్రేమ్ మూడుసార్లు తర్వాతది రెండుసార్లు చూపించి సర్దుతారు, కెమెరా మెల్లగా పక్కకి తిరిగేటప్పుడు ఆ చిన్న కుదుపు తెలుస్తుంది. డీఎల్‌జీ అని రాసి 120 అంటే మాత్రం జాగ్రత్త, 60 ప్యానెల్‌నే నిలువు రిజల్యూషన్ సగం చేసి 120గా నడిపిస్తారు.

హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి, రంగుల తేడాలు ఇంకా ఎక్కువగా చూపించే పద్ధతి) స్టిక్కర్ అన్ని టీవీల మీదా ఉంటుంది. సిగ్నల్ తీస్కోవడం వేరు, చూపించడం వేరు. హెచ్‌డీఆర్ సినిమాలు చాలావరకు 1000 నిట్స్ (తెర వెలుగుకి కొలమానం) లెక్కలో తయారవుతాయి, 300 నిట్స్ టీవీలో అదే సినిమా పెడితే మామూలు దానికంటే మసగ్గా కనిపించొచ్చు. ఎల్‌సీడీ అయితే కనీసం 600 పైన ఉంటేనే హెచ్‌డీఆర్ అని మాట్లాడుకుందాం. హెచ్‌డీఆర్‌లోనే ఒక రకమైన డాల్బీ విజన్ కావాలనుకునేవాళ్లు శామ్‌సంగ్ టీవీల్లో అది ఉండదని, బదులుగా హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

"డైనమిక్ కాంట్రాస్ట్ కోటికి ఒకటి", వదిలేయండి. 8కే, అది కూడా వదిలేయండి, చూడ్డానికి కంటెంట్ ఏది అసలు.

మోడల్ నంబర్ మొత్తం రాస్కోండి, చివరి అక్షరాలతో సహా. ఒకే సిరీస్‌లో 50 అంగుళాలది 60 హెర్ట్జ్, 55ది 120 ఉండటం మామూలే, ప్యానెల్ రకం కూడా సైజుని బట్టి మారిపోతుంటుంది. 65ది రివ్యూ చూసి 50ది కొని "రివ్యూలో చెప్పినట్టు లేదే" అంటే రివ్యూ చేసినాయన తప్పేం లేదు.

5. పోర్టులు

లిస్టు తీయండి. ఎన్ని వస్తువులు ఉంటే అన్ని హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులు, ప్లస్ ఒకటి. సౌండ్‌బార్‌కి ఒక పోర్టు పోతుంది, దాని పక్కన ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని సౌండ్‌బార్‌కి పంపేది) అని రాసి ఉంటుంది, ఈఏఆర్‌సీ అయితే మేలు.

కన్సోల్‌లో 4కే 120 (సెకనుకి 120 ఫ్రేములు) ఆడాలంటే హెచ్‌డీఎమ్‌ఐ 2.1 కావాలి, అది 48 జీబీపీఎస్ వరకు మోస్తుంది, పాత 2.0 అయితే 18 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడో మెలిక ఉంది, కొన్ని టీవీల్లో నాలుగు పోర్టులున్నా 4కే 120 వచ్చేవి రెండే, ఆ రెండిట్లో ఒకటి ఈఏఆర్‌సీ పోర్టే. అంటే సౌండ్‌బార్ పెట్టాక మిగిలేది ఒక్కటి. రెండు కన్సోళ్లు ఉన్నవాళ్లు ముందే చూస్కోండి.

6. సాఫ్ట్‌వేర్

గూగుల్ టీవీ, వెబ్‌ఓఎస్, టైజెన్, ఏదైనా పర్లేదు, మీకు కావాల్సిన యాప్స్ అందులో ఉన్నాయో లేదో చూస్కోండి చాలు. ర్యామ్ 2 జీబీ కంటే తక్కువైతే వద్దు. మూడు నాలుగేళ్లకి ఎలాగూ స్లో అవుతుంది, అప్పుడు ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే సరి. స్టిక్ మార్చొచ్చు గానీ ప్యానెల్ మార్చలేం, అందుకే సాఫ్ట్‌వేర్ బావుందని ప్యానెల్ తక్కువది కొనకండి.

7. షాపులో

పెన్‌డ్రైవ్‌లో మీకు బాగా తెలిసిన వీడియోలు వేస్కెళ్లండి: ఒక చీకటి సీను, మనుషుల మొహాలు దగ్గరగా కనిపించే సీను, ఏదైనా మ్యాచ్ క్లిప్. షాపువాళ్ల డెమో వీడియోలో అన్ని టీవీలూ బావుంటాయి, నెమలి ఈకలు, రంగునీళ్లు, పళ్ల మీద నీటిచుక్కలు, వాటిని చూసి ఏం తేలుస్తాం.

తర్వాత రిమోట్ అడిగి పిక్చర్ మోడ్‌ని వివిడ్ నుంచి సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కి మార్చమనండి. పోల్చే రెండు టీవీలూ ఒకే మోడ్‌లో ఉండాలి. మొహాల రంగు సహజంగా ఉందా, చీకటి సీనులో జుట్టు గోడలో కలిసిపోతోందా, నల్ల తెర మీద తెల్ల సబ్‌టైటిల్ వస్తే చుట్టూ పొగలా వెలుగు వస్తోందా చూడండి. నాలుగడుగులు పక్కకి జరిగి మళ్లీ చూడండి. రిమోట్ ఇవ్వనంటే ఆ షాపులో కేవలం సైజు, కాళ్లు చూసి వచ్చేయండి.

8. డబ్బా విప్పడం

ఇద్దరు ఉండాలి. స్క్రీన్ మీద వేళ్లు పెట్టి నొక్కకండి, అంచులే పట్టుకోండి, తెర కిందకి పెట్టి పడుకోబెట్టకండి, ఎప్పుడూ నిలువుగానే. విప్పేటప్పుడు ఒకళ్లు వీడియో తీయండి, పగిలి వస్తే అదే సాక్ష్యం. గోడకి బిగించేవాళ్లు మౌంట్‌లో వచ్చిన స్క్రూలన్నీ వాడెయ్యాలి అనుకోకండి, పొడవు ఎక్కువైన స్క్రూ లోపలికి పోయి ప్యానెల్‌ని పాడుచేస్తుంది. మాన్యువల్‌లో స్క్రూ సైజు, పొడవు రాసి ఉంటుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు హోమ్ లేదా స్టోర్ అని అడిగితే హోమ్ నొక్కండి. స్టోర్ నొక్కితే మీరు మార్చిన సెట్టింగ్స్ అన్నీ కాసేపటికి మళ్లీ మొదటికొస్తాయి, "మా టీవీలో దెయ్యం ఉంది" అని నాకు ఒకరు ఫోన్ చేశారు, తీరా చూస్తే ఇదే.

9. వెనక్కిచ్చే గడువులోపే చెక్ చేయండి

యూట్యూబ్‌లో డెడ్ పిక్సెల్ టెస్ట్ అని కొడితే ఫుల్ స్క్రీన్ రంగులు వస్తాయి.

- తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం: ఒక్కో రంగు మీద కదలని వేరే చుక్క ఉందా. ఒకటి రెండు చుక్కల్ని చాలా కంపెనీలు వారంటీలో డిఫెక్ట్ కింద తీస్కోవు, అందుకే గడువులోపే చూడమంటున్నా.
- పూర్తి నలుపు, గది చీకటి చేసి: ఎల్‌సీడీల్లో మూలల నుంచి వెలుగు కారుతోందా.
- 50 శాతం బూడిదరంగు: మురికి మరకల్లా మచ్చలు కనిపిస్తున్నాయా. మ్యాచ్‌లో కెమెరా గడ్డి మీద తిరిగేటప్పుడు ఇవే విసిగిస్తాయి.
- 5 శాతం బూడిదరంగు, ఓలెడ్‌కి: నిలువు గీతలు.

ఏ ప్యానెల్‌లో అయినా ఎంతోకొంత కనిపిస్తుంది, వెతికితే దొరకనిదంటూ లేదు. మామూలు సినిమా, మామూలు మ్యాచ్ పెట్టినప్పుడు కూడా కంటికి తగిలితేనే వెనక్కివ్వండి, లేదంటే టెస్ట్ వీడియో మళ్లీ తెరవకండి, మనశ్శాంతి పోతుంది.

వైఫై, అన్ని హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులు, రిమోట్ మైకు, ఇవి కూడా ఒక్కొక్కటి చూసేయండి.

10. సెట్టింగ్స్, పది నిమిషాల పని

పిక్చర్ మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌మేకర్. ఈ ఫిల్మ్‌మేకర్ మోడ్ 2019లో టీవీ కంపెనీలు, సినిమా స్టూడియోలు కలిసిన యూహెచ్‌డీ అలయన్స్ ప్రకటించింది, అనవసరమైన ప్రాసెసింగ్ అంతా ఆపేసి సినిమా తీసినవాళ్లు అనుకున్నట్టు చూపించడం దాని ఉద్దేశం. మొదటి రోజు పసుపుగా ఉందేంటి అనిపిస్తుంది, వారం ఆగండి, ఆ తర్వాత పాత మోడ్ నీలంగా కనిపిస్తుంది.

సినిమా కాస్తా సీరియల్ షూటింగ్‌లా జారిపోతున్నట్టు కనిపిస్తే మోషన్ స్మూతింగ్ ఆపండి, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, ఇలా ఒక్కోచోట ఒక్కో పేరు. మ్యాచ్‌లకి కొంచెం ఉంచుకున్నా పర్లేదు.

బొమ్మ దానంతటదే చీకటైపోతూ ఉంటే ఎకో మోడ్, లైట్ సెన్సార్ చూడండి.

కన్సోల్ పెట్టాక హెచ్‌డీఆర్ రావట్లేదా? ఎక్కువమందికి ఇదే సమస్య, టీవీ పాడవలేదు. చాలా టీవీల్లో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు మొదట్లో తక్కువ స్థాయిలో ఉంటుంది. సోనీలో హెచ్‌డీఎమ్‌ఐ సిగ్నల్ ఫార్మాట్‌ని ఎన్‌హాన్స్‌డ్ చేయాలి, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్. ఆ పోర్టుకి ఆన్ చేయండి, అయినా రాకపోతే కేబుల్ మార్చండి. కేబుల్ మీద అల్ట్రా హై స్పీడ్ అని ఉంటే చాలు, బంగారు పూత కథలకి డబ్బు పెట్టకండి.

4కే వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే 3840×2160 కనిపించాలి. యాప్‌లో రాకపోతే ముందు మీ ప్లాన్‌లో 4కే ఉందో లేదో చూడండి, తర్వాత స్పీడ్. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలంటుంది. రౌటర్ దూరంగా ఉంటే వైర్ వేయండి. చాలా టీవీల్లో లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ వరకే, అయినా స్ట్రీమింగ్‌కి అది ఎక్కువే.

సౌండ్‌బార్ పలకట్లేదంటే ఏఆర్‌సీ పోర్టులోనే గుచ్చారా, సెట్టింగ్స్‌లో సీఈసీ (హెచ్‌డీఎమ్‌ఐతో కలిపిన వస్తువులు ఒకదాన్నొకటి కంట్రోల్ చేసుకునే సౌకర్యం) ఆన్ ఉందా చూడండి, పదికి తొమ్మిది కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఓలెడ్ కొన్నవాళ్లకి ఇంకొక్కటి. రాత్రి టీవీ రిమోట్‌తో ఆపేసి వెంటనే గోడ స్విచ్ కూడా ఆపేసే అలవాటుంటే మానుకోండి. స్టాండ్‌బైలో ఉన్నప్పుడే అది పిక్సెల్స్‌ని సరిచూసుకునే పని చేసుకుంటుంది, కరెంట్ తీసేస్తే ఆ పని జరగదు. ఉరుములు మెరుపుల రోజు మాత్రం ప్లగ్గే పీకేయండి, మిగతా రోజుల్లో మంచి సర్జ్ ప్రొటెక్టర్ చాలు.

తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ, టీవీ ఆపేసి, చల్లారాక. గ్లాస్ క్లీనర్ స్ప్రే కొట్టకండి, పైన పూత పోతుంది. డబ్బా, థర్మోకోల్ గడువు అయ్యేదాకా అటక మీద పడేయండి, కాళ్లు వాడనివాళ్లు ఆ కాళ్లు, స్క్రూలు ఒక కవర్లో వేసి టీవీ వెనకాలే టేపుతో అంటించేయండి, ఇల్లు మారే రోజు వెతుక్కోకుండా ఉంటారు.